ఇరవై ఆరూ పావు గోళీలు

మా పెద్దమ్మ రంగులు కలుపుతుంది. బొమ్మలు గీస్తుందని కాదు. గోడలకు వేసే రంగుల ఫ్యాక్టరీలో, మిక్సింగ్ రూంలో, నడుమెత్తు తొట్టెల ముందు నిలబడి తెలుపులో నీలం, నీలంలో పసుపు పోసి, అడిగినవాడు అడిగిన ఛాయ తెప్పిస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. అక్కడ ఆవిడని ఎవరూ పేరు పెట్టి పిలవరు, "ఒక్కచుక్క" అంటారు. మిగతావాళ్ళంతా రంగు కుదిరిందనుకుని చేతులు కడుక్కోబోతున్నప్పుడు ఆవిడ వచ్చి, కాస్త రంగు అట్టముక్క మీద పూసి, దీపం కింద ఆరబెట్టి, కళ్ళు చికిలించి చూసి, "ఇంకొక్క చుక్క నలుపు" అంటుంది. ఆ చుక్క పడ్డాక అప్పుడు కుదురుతుంది. ఎలా కుదిరిందని అడిగితే "కుదిరింది కదా" అంటుంది.

నేను లెక్కల టీచర్ని. హైస్కూల్లో పన్నెండేళ్ళ నుంచి చెబుతున్నాను. నాకు ముక్కు మీద కోపమని బళ్ళో పిల్లలూ ఇంట్లోవాళ్ళూ ఒకే మాట అంటారు కాబట్టి ఒప్పుకోక తప్పదు. ఈ కథలో నేనేమంత గొప్పగా కనపడను. అయినా చెప్పకుండా ఉండలేను.

కిందటేడు ఫ్యాక్టరీలో కొత్త నియమం వచ్చింది. మిక్సింగ్ రూంలో పని చేసేవాళ్ళందరూ రాతపరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలట. మూడు అవకాశాలు ఇస్తారు. మూడింటిలోనూ తప్పితే మూతల షెడ్డుకి పంపిస్తారు. మూతల షెడ్డంటే, వరసగా దొర్లుకుంటూ వచ్చే డబ్బాల మీద మూతలు పెట్టి, రబ్బరు సుత్తితో ఠక్కుమని కొట్టడం. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఠక్, ఠక్. "జీతం మాత్రం అదేనమ్మా" అన్నాడు సూపర్‌వైజరు, పాపం ఓదార్పుగానే. ఆ మాటకి పెద్దమ్మ రెండ్రోజులు ఆయనతో మాట్లాడలేదు.

యాభై మార్కుల పేపర్లో ముప్పై మార్కులు నిష్పత్తులకే. ఫలానా రెండింటి నిష్పత్తి ఇంత, ఇంత కలిపితే ఇలా మారింది, అయితే మొదట ఎంతెంత ఉన్నాయి? ఇలాంటివన్నమాట. మొదటిసారి పెద్దమ్మ ఆ పేజీలన్నీ తెల్లగా వదిలేసి వచ్చింది. రెండోసారి జవాబులు మాత్రం రాసింది. అందులో మూడు కరెక్టే. కానీ ఎలా చేశారో చూపించమని పేపరు మీద ఉంది. చూపించనందుకు మార్కుల్లేవు.

"ఎలా వచ్చిందో రాయమంటే ఏం రాయనే? కంటికి కనిపించింది" అంది నాతో. అప్పటికి ఆవిడ చేతిలో ఒకే ఒక్క అవకాశం, ఆరు వారాల గడువూ మిగిలున్నాయి.

నేను చెప్తానన్నాను. ఎనిమిదో తరగతి పాఠమే కదా, వారం చాలనుకున్నాను.

వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన పెదనాన్న బల్ల ఉంటుంది. ఆయన చేతిగడియారాలు బాగు చేస్తాడు. కంటికి భూతద్దం తగిలించుకుని, ఊపిరి బిగబట్టి, చీమ కాలంత స్క్రూలు తిప్పుతుంటాడు. ఊపిరి వదిలినప్పుడల్లా ఏదో ఒకటి అంటాడు. అదే గదిలో గోడవారగా ఉన్న ఇంకో బల్ల దగ్గర రోజూ సాయంత్రం ఐదున్నరకి పెద్దమ్మా నేనూ కూర్చునేవాళ్ళం.

"తండ్రీ కొడుకుల వయసులు ఐదుకి రెండు నిష్పత్తిలో ఉన్నాయి. అంటే తండ్రి వయసు ఐదు ఎక్స్, కొడుకు వయసు రెండు ఎక్స్ అనుకుందాం" అన్నాను మొదటి రోజు.

"ఎందుకనుకోవాలి?"

"తెలీదు కాబట్టి."

"తెలీకపోతే తెలీదని రాయాలి గానీ, దానికో పేరు పెట్టి తెలిసినట్టు కలపడం, తియ్యడం ఏంటే? రేపు నేను తొట్టెలో ఎంత పోశానో తెలీదనుకో, ఎక్స్ పోశానని రాస్తే ఊరుకుంటారా?"

పెదనాన్న ఊపిరి వదిలాడు. "నా వయసు కూడా ఎక్స్ అని రాసుకో. పెన్షనాఫీసులో అలాగే చెప్తా" అన్నాడు.

ఇలా పదకొండు రోజులు నడిచింది. చెప్పిందే చెప్పాను. గట్టిగా చెప్పాను. ఇంకా గట్టిగా చెప్పాను. ఆవిడ నోట్సులో నేను చెప్పినట్టే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకునేది, మర్నాడు అదే లెక్క ఇస్తే తెల్లముఖం వేసేది. పన్నెండో రోజు నాకు ఒళ్ళు మండింది. "పదమూడేళ్ళ పిల్లలకి వస్తుంది, నీకెందుకు రాదు?" అనేశాను.

పెద్దమ్మ పెన్ను మూత పెట్టింది. నోట్సు మూసి లేచి వంటగదిలోకి వెళ్ళిపోయింది. పెదనాన్న భూతద్దం తీసి నా వైపు చూశాడు. ఆ చూపే నాకు చెంపదెబ్బలా తగిలింది. చిన్నప్పుడు నాకు జడలు వేసి బడికి పంపిన మనిషిని పట్టుకుని ఆ మాట అన్నాను.

మర్నాడు బడి అవగానే ఫ్యాక్టరీకి వెళ్ళాను. ఇంట్లో అయితే పెదనాన్న ముందు క్షమాపణ చెప్పాలి, దానికి మొహం చెల్లలేదు. గేటు దగ్గర పేరు రాయించుకుని, నాకో టోపీ పెట్టి, మిక్సింగ్ రూం గుమ్మం దాకా పంపారు. లోపల నాలుగు తొట్టెలు, పైకప్పుకి పెద్ద ఫ్యాన్లు, నేల మీద ఎన్నేళ్ళవో ఎండిపోయిన చుక్కలు. పెద్దమ్మ నన్ను చూసింది, చూడనట్టు తన పని తను చేసుకుంది.

కొత్త ఛాయ నమూనా తీస్తోంది. స్టీలు కప్పుతో మూడు కప్పుల తెలుపు, రెండు కప్పుల నీలం గిన్నెలో పోసి కలిపింది. అట్ట మీద పూసి ఆరబెట్టి చూసి తల ఊపింది. తర్వాత ఆ కప్పు పక్కన పెట్టి, మోకాలంత ఎత్తున్న జగ్గు తీసుకుని, అవే మూడు, అవే రెండు, తొట్టెలో పోయించింది.

"పెద్దమ్మా, ఆ జగ్గులో ఎన్ని లీటర్లు పడతాయి?" అన్నాను. మాట కలపడానికి అన్నానంతే.

"ఎన్ని పడితే ఏంటి? రెండిటికీ అదే జగ్గయితే చాలు. మూడు జగ్గులు తెలుపు, రెండు జగ్గులు నీలం. చిన్న జగ్గయితే కొంచెం రంగొస్తుంది, పెద్ద జగ్గయితే తొట్టెడు వస్తుంది. రంగు మాత్రం అదే." చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

పదకొండు రోజులు గొంతు చించుకుని నేను చెప్పలేకపోయింది ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది. "పెద్దమ్మా, ఎక్స్ అంటే ఆ జగ్గే" అన్నాను.

"ఏంటి?"

"జగ్గు ఎంతదో నీకు తెలీదు. అయినా మూడు జగ్గులు, రెండు జగ్గులు అంటున్నావుగా. మూడు ఎక్స్, రెండు ఎక్స్ అంటే అదే. చివరికి ఆ జగ్గు ఎంతదో కనుక్కోవడమే లెక్క."

పెద్దమ్మ చేతిలో జగ్గు వైపు చూసింది. "ఈ ముక్క మొదటి రోజే చెప్పి ఏడవచ్చు కదే" అంది. అలా నాకు క్షమాపణ చెప్పే పని తప్పింది. అయినా దారిలో చెప్పాను. వినపడనట్టు నటించింది.

ఆ సాయంత్రం నోట్సు తెరిచి ఎక్స్ కొట్టేసి "జ" అని రాసుకుంది. తండ్రి ఐదు జ, కొడుకు రెండు జ. ఆరేళ్ళ తర్వాత తండ్రి వయసు కొడుక్కి రెట్టింపు. ఐదు జ కి ఆరు కలిపితే, రెండు జ కి ఆరు కలిపినదానికి రెట్టింపు. అంటే నాలుగు జ కి పన్నెండు కలిపినంత. రెండు వైపులా నాలుగు జగ్గులు పక్కన పెట్టేసింది, ఆరేసి ఏళ్ళు పక్కన పెట్టేసింది. ఒక జగ్గుకి ఆరు. తండ్రికి ముప్పై, కొడుక్కి పన్నెండు.

"ముప్పయ్యారు, పద్దెనిమిది. సరిపోయింది" అంది సరిచూసుకుని. మళ్ళీ, "పద్దెనిమిదేళ్ళకే తండ్రయ్యాడంటే, ఇంకా ముందే పెళ్ళి చేశారు వెధవలు, చదువుకోనివ్వకుండా" అని ఆ తండ్రి తరఫున బాధపడింది. పెదనాన్న నవ్వి స్క్రూ ఎక్కడో పడేసుకున్నాడు. ముగ్గురం నేల మీద పాకి వెతికాం.

ఆ తర్వాత నన్ను ఊపిరి తీసుకోనివ్వలేదు. రోజుకి పది లెక్కలు కావాలి. ఇత్తడిలో రాగీ జింకూ, క్లాసులో ఆడపిల్లలూ మగపిల్లలూ, ముగ్గురు పంచుకున్న బట్ట, అన్నీ జగ్గులే. నాలో టీచరు ఉబ్బితబ్బిబ్బైపోయింది. సరిగ్గా అప్పుడు గోళీల లెక్క వచ్చింది.

డబ్బాలో ఎర్ర గోళీలు, నీలం గోళీలు ఏడుకి నాలుగు నిష్పత్తిలో ఉన్నాయి. ఆరు ఎర్రవి తీసేస్తే ఐదుకి నాలుగు అయింది. మొదట ఎన్నెన్ని ఉన్నాయి? పెద్దమ్మ చకచకా పేజీ నింపి నా ముందుకు తోసింది. ఎర్రవి ఇరవై ఆరూ పావు, నీలం పదిహేను.

"పావు గోళీ ఏంటి పెద్దమ్మా?"

"పగిలిందేమో. లెక్క చూడు, తప్పుంటే చెప్పు."

చూశాను. ఒక్క తప్పు లేదు. గుణకారాలు, తీసివేతలు అన్నీ కడిగిన ముత్యాలే. కథ మాత్రం మార్చేసింది. ఆరు ఎర్రవి తియ్యమంటే, తియ్యడం మానేసి ఆరు నీలం గోళీలు డబ్బాలో వేసింది. నాకు నవ్వాగలేదు. కడుపు పట్టుకుని నవ్వాను.

"తియ్యమంటే వేశావేంటి?"

ఆవిడ ముఖం ఎర్రబడింది. "ఎరుపు ఎక్కువైతే తియ్యడం ఎవడి తరం? మిగతాది పెంచుకోవాలి గానీ" అంది.

నవ్వు ఆగిపోయింది. పంతొమ్మిదేళ్ళలో ఆవిడ తొట్టెలోంచి ఒక రంగుని ఏనాడూ వెనక్కి తీసి ఎరగదు. కలిసిన నీలం కలిసిపోయినట్టే. మిక్సింగ్ రూంలో దిద్దుకోవడమంటే పొయ్యడమొక్కటే. అందుకే పేపర్లో "తీసేస్తే" అన్న మాట కనపడగానే ఆవిడ చెయ్యి తనంతట తానే రెండో వైపు పోసేస్తోంది. పాత పేపర్లు తీసి చూశాను. రెండోసారి తప్పిన లెక్కలన్నీ తీసివేత లెక్కలే.

పెదనాన్న తన సొరుగులోంచి రెండు రకాల గుండీలు గుప్పెడు తెచ్చి బల్ల మీద పోశాడు. ఇరవై ఒకటి, పన్నెండు లెక్కపెట్టి, "తియ్యి" అన్నాను. ఆరు తీసి పక్కన పెట్టింది. పదిహేను, పన్నెండు. ఐదుకి నాలుగు. తీసిన ఆరింటినీ చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇవైతే వస్తాయి. కలిసిపోలేదు కదా" అంది.

ఆ రోజు నుంచి ప్రతి లెక్కకీ ముందు నోట్సు అంచున ఒక ప్రశ్న రాసుకోవడం మొదలుపెట్టింది. "తియ్యొచ్చా?" గోళీలయితే తియ్యొచ్చు. మనుషులయితే తియ్యొచ్చు. నాకది చాదస్తంగా తోచింది. పరీక్షలో ఇలాంటివి రాస్తూ కూర్చుంటే టైం చాలదని సణిగాను. ఆవిడ చెవిన వేసుకోలేదు.

పరీక్ష ఒక కాలేజీ హాల్లో, పొద్దున పదింటికి. నలభై ఒక్కమంది రాశారు. నేను సెలవు పెట్టి బయట మెట్ల మీద కూర్చున్నాను. మా బడి పిల్లలు పబ్లిక్ పరీక్ష రాసినప్పుడు కూడా నేనంత కంగారు పడలేదు. తప్పితే ఇక రోజూ రబ్బరు సుత్తి. ఆవిడ ఎలాగోలా సర్దుకుంటుందని నాకు నేను చెప్పుకుందామని చూశాను గానీ, ఆ మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

పన్నెండున్నరకి బయటికొచ్చింది. కళ్ళు చురుగ్గా ఉన్నాయి. ఆఖరి లెక్కే పెద్దదట, పది మార్కులది. నడుస్తూ చెప్పింది. తొట్టెలో నలభై లీటర్ల మిశ్రమం ఉంది. తెలుపూ నీలం ఐదుకి మూడు. అందులోంచి కొంత మిశ్రమం తీసేసి, తీసినంతే నీలం పోశారు. ఇప్పుడు రెండూ సమానం. ఎంత తీశారు?

నేను అరచేతిలో పెన్నుతో గీకాను. తెలుపు ఇరవై ఐదు, నీలం పదిహేను. ఇటు ఐదు తగ్గాలి, అటు ఐదు పెరగాలి. "ఐదు లీటర్లు" అన్నాను.

"నాకు ఎనిమిది వచ్చింది."

పది మార్కులు పోయినట్టే. పోనీలే, మిగతావి బాగానే రాశావుగా అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. పెద్దమ్మ బస్టాపు దాకా నడిచింది. బెంచీ మీద కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు తీసిన ఐదు లీటర్లూ ఏంటే?" అంది.

"తెలుపు."

"తెలుపని ఎవరు చెప్పారు? మిశ్రమం తీశారని రాశారు. కలిపేసిన రంగులోంచి ఒక్క తెలుపుని ఎలా తీస్తావే? జగ్గు ముంచితే జగ్గులో ఏ రంగొస్తుంది? తొట్టెలో ఉన్న రంగే కదా."

నా అరచెయ్యి వైపు చూసుకున్నాను.

"తీసిందాంట్లో కూడా ఐదుకి మూడే" అంది, వేళ్ళు మడుస్తూ. "ఐదు జ తెలుపు పోయింది, మూడు జ నీలం పోయింది. తీసినంతా మళ్ళీ పోశారు కాబట్టి తొట్టెలో నలభై అలాగే ఉంది. సమానం అంటే ఇరవై, ఇరవై. మొదట తెలుపు ఇరవై ఐదుండేది. ఇరవై ఐదులోంచి ఐదు జ తీస్తే ఇరవై. జగ్గుకి ఒక లీటరు. ఐదూ మూడూ ఎనిమిది జగ్గులు. ఎనిమిది లీటర్లు."

సరిచూశాను. ఎనిమిది తీస్తే తెలుపు ఇరవై, నీలం పన్నెండు. ఎనిమిది నీలం పోస్తే ఇరవై. పన్నెండేళ్ళ సర్వీసున్న లెక్కల టీచర్ని, నడిరోడ్డు మీద, బస్టాపు బెంచీ మీద నాలుక కరుచుకున్నాను. "కరెక్టే పెద్దమ్మా, నాదే తప్పు" అన్నాను. పక్కన బస్సు కోసం నిలబడ్డ ముసలాయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. పెద్దమ్మ ఆయన వైపు తిరిగి, "లెక్కల టీచరండీ" అంది నన్ను చూపించి. ఆ గొంతులో ఎంత ఆనందమో చెప్పలేను.

ఫలితాలకి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ ఆవిడ ధైర్యం కొంచెం కొంచెంగా కరిగిపోయింది. పరీక్ష రాసినవాళ్ళలో తను అడిగినవాళ్ళంతా ఐదు లీటర్లే అన్నారట. సూపర్‌వైజరు కూడా ఐదే అన్నాడట. పైగా ఎక్స్ రాయాల్సిన చోట జ అని రాసింది. పేపరు మొదట్లో "ఒక జగ్గు జ లీటర్లు అనుకుందాం" అని రాశానంటుంది గానీ, దిద్దేవాడు ఒప్పుకుంటాడో లేదో.

"అందరూ ఐదంటుంటే నేనొక్కదాన్నే ఎనిమిదా?" అంది ఒక సాయంత్రం.

"అందరూ నాలాంటివాళ్ళే పెద్దమ్మా" అన్నాను. ఆ మాట అనడం నాకేమంత కష్టం కాలేదు.

భోజనాల వేళకి ఫ్యాక్టరీలో హాజరు వేసే టైమాఫీసు గోడ మీద జాబితా అంటించారు. పేర్లు లేవు, పాసైనవాళ్ళ టోకెన్ నంబర్లూ పక్కన మార్కులూ, మార్కుల వరసలో. పంతొమ్మిదే ఉన్నాయి. నేను బడిలో పర్మిషన్ అడిగి వెళ్ళేసరికి జనం మూగున్నారు. పెద్దమ్మ అందరినీ తోసుకుని ముందే వెళ్ళి, జాబితా చివర వేలు పెట్టి ఒక్కో నంబరూ పైకి చదువుకుంటూ వస్తోంది. బొటాబొటిగా పాసైతే చాలనుకున్న మనిషి మరి, అక్కడే వెతుక్కుంటుంది. నాలుగు నంబర్లు దాటింది. ఆరు దాటింది. వేలు మెల్లబడింది. సగం దాకా వచ్చి చెయ్యి దించేసింది.

"లేదులే, పద" అంది నాతో. మొహం చూపించలేదు.

నేను ఆవిడ భుజం మీదుగా పైనుంచి చూశాను. చూసి, ఆవిడ చెయ్యి పట్టుకుని లేపి, వేలు కాగితం పై అంచుకి ఆనించాను. రెండో నంబరు ఆవిడది. యాభైకి నలభై నాలుగు. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు కూడా.

పెద్దమ్మ ఆ నంబరుని తన మెడలో వేలాడే టోకెన్‌తో మూడుసార్లు సరిచూసుకుంది. సూపర్‌వైజరు వెనకనుంచి వచ్చి, "ఆ ఆఖరి లెక్క మొత్తం హాల్లో ఇద్దరే చేశారటమ్మా. ఇంక మిక్సింగ్ రూంలోంచి మిమ్మల్ని ఎవరూ కదపలేరు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ముక్కు తుడుచుకుని, మళ్ళీ జాబితా వైపు తిరిగింది. ఈసారి చూపు తన నంబరు మీద లేదు, దాని పైనుంది.

"ఆ మొదటి నంబరు ఎవరిదే?" అంది.